కొలత మనిషి రెండో పుస్తకం

112వ రోజు

ఈ పుస్తకం సంగతి ఆఫీసుకు తెలియదు. వాళ్ళిచ్చింది నీలం అట్టది, అది వేరే ఉంది. అందులో రోజూ నాలుగు గళ్ళు నింపాలి: నిద్ర, ఆకలి, రుచి, మనసు. తొమ్మిదేళ్ళుగా నాలుగింటిలోనూ ‘మామూలు’ అనే రాస్తున్నాను. ఇది మాత్రం మా ఆయన పడవలోంచి తెచ్చిన పాత ఆటుపోట్ల పట్టికల వెనకవైపు రాస్తున్నాను. రెండో పుస్తకం పెట్టాల్సినంత అనుమానం నాకు ఇదివరకెప్పుడూ రాలేదు.

ఇవాళ మందుల సువార్తమ్మ రాలేదు.

తొమ్మిదేళ్ళలో ఒక్క పూట మానని మనిషి. ఏడో కట్ట తెగి, సముద్రం మింగగా మిగిలిన మిట్టలన్నీ ఒకదానికొకటి విడిపోయిన తుఫాను రోజున కూడా నడుంలోతు నీళ్ళలో మందు సీసా నెత్తిన పెట్టుకుని ఆఫీసుకొచ్చింది. ఉదయం ఎనిమిదింటికి నాకు బలం మందు గ్లాసులో పోసివ్వడం, నేను తాగేదాకా పక్కన నిలబడడం ఆవిడ ఉద్యోగం. ఎడమ చెవి వినపడదు. అందుకని ఎప్పుడూ నా ఎడమ పక్కన చేరి, కుడి చెవి నా వైపు పెట్టి మాట్లాడుతుంది.

నిన్న గ్లాసు ఇస్తూ నా మణికట్టు పట్టుకుంది.

“ఇదెప్పుడు కాలిందమ్మా?”

చూసుకుంటే నిజమే, ఉసిరికాయంత బొబ్బ.

“ఏమో. పొయ్యి దగ్గర తగిలుంటుంది.”

“తగిల్తే తెలీలేదా?”

“తెలిస్తే చూసుకునేదాన్నిగా” అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గ్లాసు వెనక్కి లాక్కోబోయి, ఏమనుకుందో మళ్ళీ ఇచ్చేసింది. ఇవాళ మనిషి లేదు, మందు లేదు, ఎక్కడుందో చెప్పేవాళ్ళూ లేరు.

113వ రోజు

ఉదయం మేడ మీద గాలిమర రెక్కలకు పట్టిన ఉప్పు గోకి, రెండు బిందెల మంచినీళ్ళు పట్టి, పడవెక్కి ఆఫీసుకు వెళ్ళాను. పడవలో నాకు చోటిస్తారు. ‘కొలతమ్మ వచ్చింది, జరగండి’ అంటారు. ఆ మాట వింటే నాకు గొప్పగా ఉంటుంది, దాచుకోవడమెందుకు.

ఎప్పుడైనా ఎవరైనా ఈ కాగితాలు చదివితే తెలియాలి కాబట్టి నా ఉద్యోగమేమిటో రాస్తాను. మా మిట్టల రాజ్యంలో ఖైదీని హింసించడం నేరం. మరి ఏది హింస, ఏది గట్టిగా అడగడం? దానికి సర్కారు హద్దుల శాఖ పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న ఉద్యోగి ఒకరు తన ఇష్టంతో ఎంతసేపు ఓర్చుకోగలరో, అంతవరకు చేసింది హింస కాదని చట్టం. ఆ ఉద్యోగిని నేను. కుర్చీలో కూర్చుని కుడి చెయ్యి ఇత్తడి పలక మీద పెడతాను. ఖైదీకి పెట్టదలచిన బాధే, సెగపెట్టె వేడి లాంటిది, ముందు నాకు పెడతారు. చెయ్యి ఎత్తగానే గడియారం ఆగుతుంది. ఆ అంకె చూసి మా అధికారి సదానందంగారు అభిప్రాయం రాసి సంతకం పెడతారు. అక్కణ్ణుంచి దేశంలో ఏ విచారణ గదిలోనైనా అదే హద్దు.

నాకు ముందు పోలినాయుడని ఒకాయన ఉండేవాడు. ఆయన చెయ్యి ఎత్తితే, అప్పటి అధికారి ‘అప్పుడేనా, ఇంకాస్త ఓర్చుకోలేవా, ఏమైంది’ అని పీక్కుతినేవాడట. కోర్టు దాకా వెళ్ళింది. అప్పుడు పడిన షరతులు కుర్చీ గది గోడకే అంటించి ఉంటాయి. కొలత మనిషి చెయ్యి ఎందుకు ఎత్తిందో అడగరాదు, అలా అడగడం కూడా విచారణే, దానికీ ముందు అభిప్రాయం కావాలి. ఒక కేసు నడుస్తుండగా కొలత మనిషిని మార్చరాదు. కొలత మళ్ళీ తీయాలంటే ఆ మనిషే కోరాలి. గదిలో ఎవరు ఏం మాట్లాడినా కోర్టు పంపిన సాక్షి రాసుకోవాలి.

నేను ఇప్పటికి నలభై ఒక్క కొలతలు ఇచ్చాను. నేను ఓర్చుకోలేనిది ఖైదీ మీదికి పోకుండా అడ్డం నిలబడ్డాననే అనుకుంటూ వచ్చాను. మొదటి మెట్టు సెగకి ఇరవై ఆరు నిమిషాలు కూర్చున్నాను. ఒకసారి ఆ కుర్చీలో కునుకు కూడా పట్టింది. ఆ సంగతి చెప్పుకుని ఆఫీసంతా నవ్వుకున్నాం.

సువార్తమ్మ ఏదని సదానందంగారిని అడిగాను. “ఊరెళ్ళింది, నూకరత్నంగారూ. వచ్చేస్తుంది లెండి” అన్నారు, కాగితంలోంచి తలెత్తకుండా. ఆవిడ ఊరు సముద్రంలో మునిగి ఇరవై ఏళ్ళయింది. ఏ ఊరెళ్ళింది?

115వ రోజు

ఒంట్లో బాగుండలేదనుకున్నాను. పొద్దున టీ గుక్క వేసుకుంటే నాలుక చుర్రుమంది. గ్లాసు వదిలేశాను, పగిలింది. మా ఆయన కోటిలింగం పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైందే?”

“టీ కాలింది.”

“టీ కాలక చల్లగా ఉంటదా?” అన్నాడు. అని, నా మొహం వింతగా చూశాడు. “నువ్వు పొయ్యి మీంచి దించిన గిన్నె దించినట్టే తాగేదానివిగా.”

మణికట్టు మీది బొబ్బ సలుపుతోంది. ఉప్పుగాలి తగిలితే మరీను. పెళ్ళయిన కొత్తలో చేప ముల్లు గుచ్చుకుంటే ఇలాగే సలిపిన గుర్తు. తర్వాత ఇలాంటిది ఉన్నట్టు గుర్తులేదు. వయసు పెరిగితే ఒళ్ళు మొద్దుబారుతుందని సరిపెట్టుకున్నాను కాబోలు. మందు మానేసి నాలుగు రోజులైంది. బలం మందు మానితే నీరసం రావాలి గానీ, నొప్పి రావడమేమిటి?

మధ్యాహ్నం చేపల పులుసు పెట్టాను. ఎప్పటి చేత్తో ఎప్పటిలాగే కారం వేశాను. మొదటి ముద్దకే కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు. ఎదురుగా మా ఆయన, ఎప్పటిలాగే పళ్ళెం పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, చేప ముక్కని అందులో ముంచి కడుక్కుని తింటున్నాడు. ఈ కడుగుడు చూసి నేను ఎన్నిసార్లు అలిగానో లెక్కలేదు. నా వంటకి వంక పెడుతున్నాడని రెండు రోజులు మాట్లాడకుండా ఉన్న సందర్భాలూ ఉన్నాయి.

“ఎన్నాళ్ళనించి ఇలా కడుక్కుంటున్నావు?” అన్నాను.

“నువ్వు ఆ ఉద్యోగంలో చేరిన కాణ్ణించీ.”

“కారమని చెప్పి ఏడవొచ్చుగా.”

“చెప్పాను. కారమెక్కడుంది, చప్పగా ఉంటేనూ అన్నావు. ఇంక ఎందుకులే, నీళ్ళతో పోయేదానికి పోట్లాటెందుకని ఊరుకున్నా.”

తొమ్మిదేళ్ళు. ఇంట్లోవాడికి తెలిసింది, నాకు తెలియలేదు. మా ఆయన మంచితనం మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

116వ రోజు

ఇవాళ సదానందంగారు కొత్త ఫైలు పంపించారు. రెండో మెట్టు సెగకి హద్దు కావాలట. మొదటి మెట్టుకి మూడింతలు. చర్మం కమలదు, మచ్చ పడదు, కాబట్టి గాయం కిందికి రాదని పైన ఆయన ముందే రాసి పెట్టారు. ఎంతసేపన్న చోట మాత్రం ఖాళీ. కొలత 120వ రోజున.

ఖైదీ పేరు మాకివ్వరు. ఒంటి వివరాలు మాత్రం ఇస్తారు, నా ఒంటితో పోల్చుకోవడానికి. అవి చదివాను. స్త్రీ. యాభై రెండేళ్ళు. రక్తపోటు లేదు. ఎడమ చెవి వినపడదు. అరెస్టయింది 111వ రోజు సాయంత్రం. ఆరోపణ: శాఖ రహస్యం బయటికి చెప్పబోవడం.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నాకిప్పుడు పొగా కనిపిస్తోంది, నిప్పూ కనిపిస్తోంది. నా బొబ్బ చూసిన సాయంత్రమే ఆవిడని పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ళు విచారణ విభాగం వాళ్ళు. ఆవిడ లేకపోతే నాకు మందు పోసేవాళ్ళు ఉండరన్న సంగతి వాళ్ళకి తెలియదు. ఆ మందులో ఏముందో తెలిసినవాళ్ళు శాఖలో ఎక్కువమంది ఉండరు మరి.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, మంటకి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి అంకెలు లెక్కపెట్టాను. నాలుగు దాటలేకపోయాను.

ఇరవై ఆరు నిమిషాలు ఇచ్చాను నేను. ఆ ఇరవై ఆరు నిమిషాలూ ఎంతమంది కూర్చున్నారో, వాళ్ళ పేర్లేమిటో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. వంట మానేసి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

118వ రోజు

రెండు రోజులుగా అందరినీ అనుమానంగా చూస్తున్నాను. గేటు దగ్గర బంట్రోతు దణ్ణం పెడితే ఎందుకు పెట్టాడా అని, మా మిట్ట పంతులమ్మ పలకరిస్తే ఎవరు పంపారా అని. పడవలో ‘కొలతమ్మా, కూర్చోండి’ అంటే కూర్చోలేక నిలబడ్డాను.

మా ఆయనకి అంతా చెప్పేశాను. తెడ్డు పిడి తుడుస్తూ అన్నాడు:

“ఉద్యోగం మానెయ్యి.”

“కేసు నడుస్తుండగా మార్చకూడదని ఉంది. నేను మానినా కుదరదు.”

“మరి ఏం చేస్తావు?”

“ఉన్నదున్నట్టు కొలుస్తాను. నాలుగు లెక్కపెట్టగలిగితే నాలుగే.”

“నాలుగైనా ఆవిడకి నాలుగు పడతాయి కదే.”

పోనీ ముందే ఎత్తెయ్యనా? అది దొంగ కొలత. దొంగ కొలతలిచ్చే నేను ఇంత చేశాను, తెలిసి ఇచ్చినా తెలియక ఇచ్చినా. మళ్ళీ ఇంకోటి ఇవ్వబుద్ధి కావడం లేదు. ఒక ఖైదీ కోసం కొత్త హద్దు అడిగాక పాత హద్దులేవీ ఆ ఖైదీ మీద వాడకూడదు. కొత్తది సున్నా అయితే మాటలతో అడగడం తప్ప వాళ్ళేమీ చేయకూడదు, పదో రోజుకి వదిలెయ్యాలి. ఆ పదో రోజు 121. అంతా నా చేతిలోనే ఉందని తెలుస్తోంది. నాకు ఆ చెయ్యి మీదే నమ్మకం లేదు.

119వ రోజు

సదానందంగారు మా ఇంటికొచ్చారు. ఎన్నడూ లేనిది. అధికారి పడవ మా రేవులో ఆగేసరికి మిట్ట మీద జనమంతా తొంగిచూశారు. చేతిలో పూతరేకుల పొట్లం, రెండో చేతిలో సీసా.

“సువార్తమ్మ ఊర్నించి ఇంకా రాలేదు. బలం మందు మానకూడదు కదా నూకరత్నంగారూ, రేపు కొలత పెట్టుకుని. అందుకని నేనే తెచ్చాను” అన్నారు.

“మీరెందుకండీ శ్రమ పడ్డం? ఎవరితోనైనా పంపాల్సింది.”

“శ్రమేముంది. మీ ఆరోగ్యం శాఖ ఆరోగ్యం.”

చిన్న మందు గ్లాసులో తానే పోశారు. నిండుగా పోశారు, మామూలు కన్నా రెట్టింపు. నేను తాగేదాకా కూర్చునేట్టున్నారు. నోట్లో పోసుకుని తలూపాను. మింగలేక కక్కలేక అంటారే, అచ్చంగా అదే. ఆయనేమో చేపల ధరలూ, కట్ట మరమ్మత్తులూ మొదలుపెట్టారు. నోటినిండా మందుతో ఊఁ కొడుతున్నాను.

మా ఆయన లోపల్నించి వచ్చి, “రత్నం, పాలు పొంగిపోతన్నాయి” అన్నాడు. మా ఇంట్లో పాలు లేవు. లేచి వంటింట్లోకెళ్ళి కుడితి గోలెంలో ఉమ్మేసి, మూడుసార్లు పుక్కిలించాను. నోరంతా అప్పటికే తిమ్మిరెక్కింది. పెదవి కొరుక్కుని చూస్తే రక్తం వచ్చింది గానీ నొప్పి రాలేదు. పోనీలే, నోరే కదా, చెయ్యి కాదు అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఆయన నా నీలం పుస్తకం తిరగేస్తున్నారు.

“అన్నీ మామూలే. చాలా బాగుంది” అని పుస్తకం మూసి, నవ్వుతూ పడవెక్కారు. పూతరేకులు మేం ముట్టుకోలేదు.

120వ రోజు

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

కుర్చీ గదిలో ముగ్గురం. నేను, సదానందంగారు, కోర్టు సాక్షి కర్రి భూషణంగారు. భూషణంగారు రిటైరైన లెక్కల మాస్టారు. కళ్ళజోడు సరిచేసుకుని, రాసే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంటారు. తొమ్మిదేళ్ళలో నాతో ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

నేను రాత్రంతా లెక్క వేసుకుని వెళ్ళాను. పళ్ళు బిగించి, నిజంగా ఓర్చుకోగలిగినంతే ఓర్చుకుని, నిజంగా ఎత్తాలనిపించినప్పుడే ఎత్తాలని. పది సెకన్లయితే పది. తొమ్మిదేళ్ళ తర్వాత ఒక్క నిజమైన కొలతైనా ఇవ్వాలని పట్టుదల.

ఇత్తడి పలక చల్లగా ఉంది. అది చల్లగా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది. కుర్చీ పట్టీ భుజానికి ఒరుసుకుంటోంది. సెగపెట్టె మొహం నా వైపు తిప్పారు. ఇదే పెట్టె ముందు కునుకు తీశాను కదా అని ధైర్యం చెప్పుకున్నాను. విచారణ గదులు రెండు గదుల అవతలే, సువార్తమ్మ అక్కడే ఎక్కడో ఉంది.

సదానందంగారు “మొదలు” అన్నారు. గడియారం కదిలింది. ఆయన మీట నొక్కారు. పెట్టెలో టిక్కుమని చప్పుడైంది. వేడెక్కడానికి దానికి అయిదారు సెకన్లు పడుతుంది.

నా చెయ్యి పలక మీద లేదు.

నేను ఎత్తలేదు. నిజంగా చెబుతున్నాను, ఎత్తాలనుకోలేదు. ఆ టిక్కుమన్న చప్పుడుకి చెయ్యి దానంతటదే లేచి నా గుండెకి అతుక్కుంది. ఇంకా ఏ సెగా తగల్లేదు. భయం. ఒట్టి భయం. నొప్పితో పాటు దాన్ని కూడా నా ఒంట్లోంచి తీసేశారని అప్పటిదాకా నాకు తెలియదు. ఓర్చుకోవడమంటే ఏమిటో తెలియకుండా నేను దేశానికి ఓర్పు కొలిచిపెట్టాను.

గడియారం రెండు సెకన్ల దగ్గర ఆగింది. సెగ మొదలవలేదు కాబట్టి కొలత సున్నా.

సదానందంగారి మొహంలో నెత్తురు లేదు. ఆయన ఎందుకెత్తావని అడగకూడదు. గోడ మీదే రాసి ఉంది. ఆయన అది అడగలేదు. నా వైపు వంగి, “మందు తాగారు కదా?” అన్నారు.

గదిలో కలం గీసుకునే చప్పుడు. భూషణంగారు రాస్తున్నారు. రాయడం పూర్తిచేసి, కళ్ళజోడు పైనుంచి చూశారు.

“మందు అన్నారాండీ, మందులు అన్నారా? మాట సరిగ్గా పడాలి.”

“అది రాయక్కర్లేదు మాస్టారూ. ఊరికే అన్నాను.”

“ఊరికే అన్నదీ రాయాలండీ. ఇప్పుడన్నది కూడా రాశాను” అని, ఆ పుటా దాని కింది కార్బన్ నకలూ చింపి, నకలు నా చేతికిచ్చి, పుట కోర్టు సంచిలో వేసుకున్నారు.

“ఎందుకిలా చేశారు నూకరత్నంగారూ?” అన్నారు సదానందంగారు, ఇక ఆపుకోలేక.

“అడగడానికి అభిప్రాయం ఉందాండీ?” అన్నాను.

అదీ రాసుకున్నారు భూషణంగారు.

122వ రోజు

నిన్న సాయంత్రం సువార్తమ్మని వదిలేశారు. మా ఆయన పడవలోనే ఇంటికి తీసుకొచ్చాం. మనిషి సగమైపోయింది. పదిరోజులూ మాటలతోనే అడిగారట, నిద్రపోనిచ్చి, తిండి పెట్టి. హద్దు రాకముందు అంతకుమించి చేసే దమ్ము వాళ్ళకీ లేదు. పడవలో నా ఎడమ పక్కన కూర్చుని కుడి చెవి నా వైపు పెట్టింది. నడి పాయలోకి వచ్చాక నోరు విప్పింది.

“నీ బొబ్బ చూశాక స్టోరుకెళ్ళి సీసా మీద చీటీ పీకాను రత్నమ్మా. కింద ఇంకో చీటీ ఉంది. ఒళ్ళు కోసేటప్పుడు ఇచ్చే మందు. సదానందంగారినే వెళ్ళి అడిగాను, పెద్దమనిషి కదా అని.”

“ఆయన్నా అడిగావు?”

“మరెవర్ని అడగను? తొమ్మిదేళ్ళు నా చేత్తోనే పోశాను కదమ్మా. బలం మందనుకుని, నువ్వు ఒక్క చుక్క మిగిల్చినా ఊరుకునేదాన్ని కాదు.”

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది.

సదానందంగారు సెలవు పెట్టారట. ఆయన రాసిన అభిప్రాయాలు మాత్రం సెలవు పెట్టలేదు. నలభై ఒకటీ అలాగే ఉన్నాయి, అన్ని విచారణ గదుల్లోనూ, నా అంకెలతో. కొలత మళ్ళీ తీయాలంటే కొలత మనిషే కోరాలి. ఇవాళ పొద్దున అర్జీ రాశాను. నలభై ఒకటీ మళ్ళీ తీయమని.

మా ఆయన అర్జీ చదివి కింద పెట్టాడు. “ఈసారి మందు లేకుండానా?”

“లేకుండానే.”

“నలభై ఒక్కసార్లా, రత్నం?”

“అవును.”

“నీకు భయం లేదా?”

“ఉంది” అన్నాను. చెప్పి ఏడ్చాను. ఈసారి చెయ్యి దానంతటదే లేస్తే లేస్తుంది, లేకపోతే ఎంత నొప్పి పడితే అంత పడతాను. దొంగ కొలత మాత్రం ఇవ్వను. అర్జీ మడిచి మా ఆయన చొక్కా జేబులో పెట్టుకున్నాడు, తానే కోర్టులో ఇచ్చొస్తానన్నాడు.

మధ్యాహ్నం పులుసుకి కారం సగం వేశాను. సువార్తమ్మ కూడా మాతోనే కూర్చుంది. మా ఆయన అలవాటు కొద్దీ నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకున్నాడు. ముక్క ముంచబోయి ఆగి, నోట్లో పెట్టుకుని, గిన్నె అవతలికి జరిపాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

తర్వాత నీలం పుస్తకం తీశాను. రేపు కోర్టువాళ్ళు చూస్తారు, ఆఫీసువాళ్ళూ చూస్తారు. నాలుగు గళ్ళూ నింపాను. నిద్ర: పట్టలేదు. ఆకలి: ఉంది. మనసు: భయం. రుచి: కారం తెలిసింది.